గాలి లెక్క తప్పిన బండి

విజయవాడ ఆటోనగర్‌లో పాత టూస్ట్రోక్ బండి స్లోలో నిలబడక ఆగిపోతుంటే, చుట్టూ చేరినవాళ్లలో ఎవరో ఒకరు ‘మెయిన్ జెట్టు మార్చి చూడు’ అనకుండా ఉండరు. జెట్టు చిన్న ఇత్తడి ముక్క. మార్చడం తేలిక, ఖర్చూ తక్కువ. అందుకే అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. కానీ ఒకరు మట్టిదారుల కోసం మార్చుకుని, ఇంకొకరు తోలి, మూడోవాళ్లకు అమ్మేసిన బండి అయితే జబ్బు చాలాసార్లు జెట్టులో ఉండదు. ఇంజనులోకి గాలి వచ్చే దారిలో ఉంటుంది. కార్బురేటరు ఒక బండిది, దాన్ని ఇంజనుకు కలిపే రబ్బరు జాయింటు ఇంకో బండిది, ఫిల్టరు ఎక్కడిదో. విడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. ఒక వరసలో బిగించేసరికి బండి మొరాయిస్తుంది.

మన దగ్గర ఇది ఇంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. మట్టిలో తోలడానికే చేసిన అసలు డర్ట్ బైకులు, కవాసాకీ కేఎక్స్, కేటీఎం ఎస్ఎక్స్ లాంటివి, ఇక్కడ తక్కువ. దిగుమతి చేసుకోవాలి, ఖరీదు ఎక్కువ, వాటిని రోడ్డెక్కించడానికి రిజిస్ట్రేషను ఉండదు. కొండపల్లి అడవి దారుల్లోనో, కృష్ణ ఒడ్డు లంక భూముల్లోనో, కాలువ గట్ల మీదో తోలాలని సరదాపడే కుర్రాడికి అందుబాటులో ఉండేది పాత యమహా ఆర్‌ఎక్స్ 100, లేదా ఆర్‌ఎక్స్ 135. కాస్త కొత్తది కావాలంటే 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200. వీటిలో అందరి కన్నూ పడేది ఆర్‌ఎక్స్ 100 మీదే. 1985లో మన దేశంలోకి వచ్చి 1996లో ఆగిపోయింది. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవరు, వంద కిలోలకు అటూ ఇటూగా బరువు. తేలికైన బండి, చురుకైన ఇంజను. ముందు ఫోర్కు పొడుగు చేసి, బొడిపెల టైర్లు వేసి, మడ్‌గార్డు పైకి లేపితే చూడటానికి డర్ట్ బైకే. (అలా మార్చిన బండిని అనుమతి లేకుండా రోడ్డు మీద తోలడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తప్పు. ఈ మాట కొనేవాళ్లకు అమ్మేవాళ్లు చెప్పరు.)

తయారీ ఆగి దాదాపు 30 ఏళ్లయిన బండికి అసలు విడిభాగాలు దొరకడం కష్టం. ఆ కొరతను తీర్చడంలో ఆటోనగర్‌కు మించిన చోటు లేదు. 1960ల నడుమ మొదలై, ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటిగా పేరు తెచ్చుకున్న ఈ జవహర్ ఆటోనగర్‌ను నిలబెట్టింది లారీలు, బస్సు బాడీలు. అయితే లేతు పట్టేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు, రబ్బరు సామాన్లు, పాత స్పేర్లు అమ్మేవాళ్లు ఒకేచోట ఉండటంతో లేని భాగాన్ని ఉన్నదానితో సర్దే విద్య అక్కడ బాగా పెరిగింది. అది గొప్ప విద్య. దాని మీద నాకు చాలా గౌరవం. కానీ లారీ బాడీకి పనికొచ్చే ‘సర్దడం’, గాలిని తూచి పెట్రోలు పోసే కార్బురేటరు దగ్గర అదే పద్ధతిలో పనికిరాదు.

2024 సెప్టెంబరు వరదల తర్వాత ఈ సమస్య ఇంకాస్త ముదిరింది. ఆ నెల మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి ఎప్పుడూ లేనంతగా 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. వీధుల్లో నిలిపిన బండ్లు హ్యాండిళ్ల దాకా మునిగాయి. నీటితో పాటు వచ్చిన బురద ఎయిర్ ఫిల్టరు డబ్బాలోకి, కార్బురేటరు తొట్టిలోకి, సైలెన్సరులోకి చేరింది. వేల బండ్లు ఒక్కసారి మెకానిక్కుల దగ్గరికి వస్తే, దొరికిన కార్బురేటరు, దొరికిన జాయింటు వేసి నడిపించి పంపక తప్పలేదు. ఆ తొందరలో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అలాంటి బండి ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో చేతికొస్తే మాత్రం, గాలి దారిలో ఏ భాగం ఎక్కడిదో చూసుకోవాల్సింది కొన్నవాళ్లే.

ఇంజను తాగేది ప్రధానంగా గాలి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు 11 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో చెప్పాలంటే సుమారు 9,000 లీటర్లు. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. ఎక్కువ శక్తి కావాలన్నప్పుడు పెట్రోలు కొంచెం ఎక్కువ ఇచ్చి, 12.5 నుంచి 13 పాళ్ల దగ్గర ఉంచుతారు. గాలి ఇంతకంటే పెరిగితే మిశ్రమం పలచబడుతుంది, తగ్గితే చిక్కబడుతుంది. ఈ నిష్పత్తిని స్లోలో, మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు, పూర్తిగా రేస్ ఇచ్చినప్పుడు, అన్నిచోట్లా నిలబెట్టే బాధ్యత కార్బురేటరుది. దానికి కరెంటు లేదు, సెన్సారు లేదు, కంప్యూటరు లేదు. తన గుండా పోయే గాలి వేగం ఒక్కటే ఆధారం.

ఆ ఆధారం పనిచేసే తీరు డెల్టావాళ్లకు తెలియనిది కాదు. బందరు కాలువ వెడల్పుగా ఉన్నచోట నీళ్లు నిదానంగా పోతాయి, వంతెన ఖానాల కింద ఇరుకులో వడి పెరుగుతుంది. గాలి కూడా అంతే. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ 1738లో అచ్చయిన తన గ్రంథంలో చూపించాడు. ఇరుకు గొట్టంలో ఈ సంగతిని ఇటలీకి చెందిన జొవాన్నీ బాటిస్టా వెంచూరీ 1797లో ప్రయోగాలతో వివరించాడు. కార్బురేటరు నడుమ ఉండే ఇరుకు గొట్టానికి ఆయన పేరే ఉండిపోయింది. అక్కడ పీడనం తగ్గుతుంది. కింద తొట్టిలో ఉన్న పెట్రోలు మీద మామూలు వాతావరణ పీడనం ఉంటుంది. ఈ రెంటి తేడాకు పెట్రోలు జెట్టులోంచి పైకి లేచి గాలిలో తుంపరగా కలుస్తుంది. తేడా ఎంతో పెట్రోలూ దాన్నిబట్టే. కాబట్టి గొట్టం కొలత మారితే తేడా మారుతుంది, తేడా మారితే జెట్టు మీద రాసిన అంకెకు అర్థమే మారిపోతుంది.

ఆర్‌ఎక్స్ 100కు కంపెనీ ఇచ్చింది మికుని వీఎం20 కార్బురేటరు. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు. పిక్‌అప్ పెరుగుతుందని చాలామంది దాని బదులు 28 మిల్లీమీటర్ల కెయిహిన్ పీడబ్ల్యూకే రకం నకలు వేస్తారు. 20, 28 పెద్ద తేడాగా అనిపించవు. వైశాల్యం చూడండి. 20 మిల్లీమీటర్ల గొట్టం నోరు 314 చదరపు మిల్లీమీటర్లు, 28 అయితే 616. దాదాపు రెట్టింపు. ఇంజను అదే 98 సీసీ, అడిగే గాలి అంతే. అంతే గాలి రెట్టింపు నోట్లోంచి పోవాలంటే వేగం సగమవుతుంది. పీడనంలో తేడా వేగం వర్గాన్నిబట్టి ఉంటుంది కనుక అది నాలుగో వంతుకు పడిపోతుంది. పెట్రోలును పైకి లాగే బలం నాలుగో వంతే మిగిలిందన్నమాట.

నెమ్మదిగా రేస్ ఇస్తే ఇది బయటపడదు. కార్బురేటరు గొట్టాన్ని మూసి తెరిచే స్లైడు కొద్దికొద్దిగా లేస్తూ దారిని తానే ఇరుకుగా ఉంచుతుంది, వేగం నిలబడుతుంది. గుంటలోంచి బండి పైకి లాగడానికి ఒక్కసారి ఎక్సలేటరు తిప్పితే మాత్రం స్లైడు అమాంతం లేచి నోరంతా తెరుచుకుంటుంది. గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు లేవదు, ఇంజను గొంతు పట్టేసినట్టు ఒక్క క్షణం ఆగి, తర్వాత లాగుతుంది. మట్టిదారిలో ఆ ఒక్క క్షణమే మనిషిని కింద పడేస్తుంది. దీన్ని చూసి ‘పెట్రోలు ఎక్కువై ముక్కుతోంది’ అనుకుని జెట్టు చిన్నది చేసేవాళ్లున్నారు. అప్పటికే చాలని పెట్రోలును ఇంకా తగ్గించడం అది.

జెట్ల అంకెల్లోనూ ఒక చిక్కుంది. కెయిహిన్ జెట్టు మీద 100 అని ఉంటే రంధ్రం వ్యాసం 1.00 మిల్లీమీటరు. మికుని పెద్ద షట్కోణపు మెయిన్ జెట్టు మీది అంకె ఎంత పెట్రోలు ప్రవహిస్తుందో చెప్పేది. రెండింటి మీదా 110 అని ఉన్నా రెండూ ఒకటి కావు. నకలు జెట్ల సంగతి సరేసరి, అంకెకు, రంధ్రానికి పొత్తు ఉంటుందన్న భరోసా లేదు. పైగా కెయిహిన్‌లో 100 నుంచి 110కి వెళ్తే పది శాతమే పెరిగిందనుకుంటాం. వ్యాసం పది శాతం పెరిగితే రంధ్రం వైశాల్యం 21 శాతం పెరుగుతుంది.

ఇక దొంగగాలి సంగతి. జతకాని భాగాల బండిలో మొదట వెతకాల్సింది ఇదే. కార్బురేటరు దాటాక, ఇంజనుకు ముందు, ఎక్కడైనా సందు ఉంటే లెక్కలో లేని గాలి లోపలికి వస్తుంది. ‘ఎయిర్ లాగుతోంది’ అని మెకానిక్కులు అనేది దీన్నే. ఇది స్లోలో ఎక్కువ బాధపెట్టి పూర్తి రేస్‌లో ఎందుకు కనపడదన్నది చాలామందికి అంతుపట్టదు. లెక్క వేస్తే తేలిపోతుంది. రబ్బరు జాయింటులో 20 మిల్లీమీటర్ల పొడవు, మిల్లీమీటరులో పదో వంతు వెడల్పు ఉన్న పగులు అనుకుందాం. వేలితో తడిమినా తెలియదు. దాని వైశాల్యం 2 చదరపు మిల్లీమీటర్లు. కార్బురేటరు పూర్తిగా తెరిచినప్పుడు ఉండే 314తో పోలిస్తే అది లెక్కలోకే రాదు. స్లోలో స్లైడు కింద తెరిచి ఉండేది కొద్ది చదరపు మిల్లీమీటర్లే. అక్కడ ఈ రెండూ కలిస్తే మిశ్రమం తలకిందులవుతుంది. పైగా స్లోలో స్లైడుకు, ఇంజనుకు నడుమ పీడనం బాగా తక్కువ ఉంటుంది కాబట్టి పగులు గాలిని ఇంకా గట్టిగా లాగుతుంది. అందుకే రేస్ ఇచ్చి వదిలితే ఇంజను వెంటనే దిగదు, పైనే ఊగుతూ ఉండి, ఉన్నట్టుండి ఆగిపోతుంది.

పగులు కార్బురేటరుకు ముందు, అంటే ఫిల్టరు వైపు ఉంటే కథ వేరు. అక్కడ చొరబడ్డ గాలి కార్బురేటరు గుండానే పోతుంది కాబట్టి మిశ్రమం మరీ అంత చెడదు. కానీ వడగట్టని గాలి అది. కృష్ణ ఇసుకలో ఎక్కువ భాగం సిలికా. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. ఇంజను బోరులోని పోత ఇనుము అంత గట్టిది కాదు. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే థర్మల్ కేంద్రం బూడిద లారీల దుమ్ము దీనికి తోడు. ముందువైపు పగులు గురించి ఇంజను ఫిర్యాదు చేయదు. నెలల తరబడి బోరును నమిలి, ఒకరోజు పిస్టను వదులై శబ్దం చేసినప్పుడు గాని తెలియదు. ఫిల్టరు వైపు జాయింటు లోపలి గోడ మీద వేలు రాసి చూడాలి. గరుగ్గా తగిలితే దుమ్ము చొరబడుతోందని ఖాయం చేసుకోవచ్చు.

ఆటోనగర్ చుట్టుపక్కల షెడ్లలో తరచు కనపడేది ఇలా ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు ఆర్‌ఎక్స్ తోసుకొస్తాడు. "స్లోలో ఆగుతోంది బాబాయ్. ఒక్కసారి రేస్ ఇస్తే ముందు పట్టేసి తర్వాత లాగుతోంది. అమ్మినాయన 110 జెట్టు వేస్తే సరిపోద్దన్నాడు."

"జెట్టు సంగతి తర్వాత. ముందు చోక్ లాగు నాన్నా."

చోక్ లాగితే అప్పటిదాకా ఊగుతున్న ఇంజను కుదురుకుంటుంది. "చూశావా, పెట్రోలు చాలట్లేదు దీనికి. జెట్టు చిన్నదై చాలట్లేదా, గాలి ఎక్కువై చాలట్లేదా, అది తేలాలి."

ఈ ఒక్క పరీక్షకు పైసా ఖర్చు లేదు. చోక్ మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది కాబట్టి, దానితో సర్దుకుంటే మిశ్రమం పలచగా ఉంది. చోక్‌తో ఇంకా ముక్కి ఆగితే చిక్కగా ఉంది. తర్వాత స్లోలో నడుస్తుండగా జాయింటు చుట్టూ, ప్యాకింగు అంచుల మీద సన్నగా సబ్బునీళ్లు కొట్టాలి. నీళ్లు పగులును మూసిన క్షణంలో ఇంజను శబ్దం మారుతుంది. కొందరు కార్బురేటరు క్లీనరు కొడతారు. వేడి సైలెన్సరు పక్కన అది భగ్గుమంటుంది, వద్దు.

మెకానిక్ కార్బురేటరు ఊడదీస్తాడు. జాయింటు పాత 20 మిల్లీమీటర్ల కార్బురేటరుకు సరిపడేది. తర్వాత వేసిన 28 మిల్లీమీటర్ల కార్బురేటరు మూతి దానిలో ఇమడక, జాయింటు నోరు కోసి పెద్దది చేసి, వదులైన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన క్లిప్పు బిగించారు. ఆ పైన సిలికాన్ పేస్టు. పెట్రోలు తగిలి ట్యూబు ముక్క ఉబ్బి జిగురుజిగురుగా అయింది. పేస్టు పొరలు పొరలుగా లేస్తోంది, ఒక ముక్క లోపలికి వేలాడుతోంది. చేతిలైటు వేసి జాయింటులోకి చూస్తే ఇంకోటి కనపడుతుంది. 28 మిల్లీమీటర్ల నోరు ముగిసిన చోట ఇంజను వైపు గొట్టం ఇరుకైనది. రెంటి నడుమ చుట్టూరా గట్టులా అంచు మిగిలింది. దాని కింద వేలు పెడితే పెట్రోలు తడి. తుంపరగా గాలిలో తేలాల్సిన పెట్రోలు ఆ గట్టుకు కొట్టుకుని, చుక్కలై, గోడ వెంట కారి నిలిచింది. బండి వంగినప్పుడు ఆ నిలిచిన పెట్రోలు ఒక్కసారి లోపలికి పోతుంది. అప్పుడు ఇంజనుకు మరీ చిక్కటి ముద్ద. స్లోలో పలచన, మలుపులో చిక్కన. ఏ జెట్టు ఈ రెండింటికీ ఒకేసారి మందు కాగలదు?

ఇక్కడ మార్గాలు రెండు. లేతు మీద అల్యూమినియం రింగు తిప్పించి, 28 నుంచి లోపలి కొలత దాకా మెల్లగా ఇరుకయ్యే వాలు ఇప్పించడం ఒకటి. ఇరుకయ్యే దారిని గాలి బాగానే ఓర్చుకుంటుంది, గట్టునే ఓర్చుకోదు. ఆటోనగర్ లేతు పనివాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. రెండోది, 20 మిల్లీమీటర్ల కార్బురేటరుకు, దాని జాయింటుకు తిరిగి వెళ్లడం. నన్నడిగితే రెండోదే. సిలిండరు పోర్టులు, రీడ్ వాల్వు, సైలెన్సరు అన్నీ పాతవిగానే ఉండగా కార్బురేటరు ఒక్కటే పెంచితే వచ్చే లాభం తోలేవాడి చెవికే తప్ప చక్రానికి అందదు.

రీడ్ వాల్వు మాట వచ్చింది కాబట్టి దాన్ని వదలడానికి వీల్లేదు. టూస్ట్రోక్‌లో గాలి, పెట్రోలు ముందు క్రాంక్‌కేసులోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండరుకు పోతాయి. లోపలికి వచ్చింది వెనక్కి పోకుండా ఆపేవి పలుచని రేకులు. ఈ ఏర్పాటుకు యమహా 1970ల్లో ‘టార్క్ ఇండక్షన్’ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. నిమిషానికి 7,500 చుట్ల దగ్గర ఆ రేకు సెకనుకు 125 సార్లు తెరిచి మూయాలి. ఒక్కో చుట్టుకు దొరికేది 8 మిల్లీసెకన్లు, అందులో తెరిచి ఉండేది కొంత భాగమే. రేకు మరీ బిరుసైతే తక్కువ వేగంలో సరిగ్గా తెరుచుకోదు. మరీ మెత్తనైతే ఎక్కువ వేగంలో మూసుకునే వ్యవధి లేక కొట్టుకుంటుంది. ఇంకో బండి రీడ్ బ్లాకు వేసినచోట ఇది మామూలు. బ్లాకు విప్పి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. రేకు అంచుల్లో వెలుతురు గీత కనపడకూడదు. రేకు మూల విరిగితే కార్బురేటరు నోట్లోంచి పెట్రోలు ఆవిరి వెనక్కి చిమ్ముతుంది, ఫిల్టరు తడుస్తుంది. విరిగిన ముక్క ఇంజనులోకి పోయిందేమో చూడకుండా మళ్లీ బిగించవద్దు.

ఆర్‌ఎక్స్‌లో జతకాని కార్బురేటరు తెచ్చే ప్రమాదాల్లో అన్నిటికంటే పెద్దది పెట్రోలుది కాదు, ఆయిలుది. ఎక్సలేటరు తీగ రెండుగా చీలి ఒకటి కార్బురేటరుకు, ఇంకోటి ఆటోల్యూబు ఆయిలు పంపుకు వెళ్తుంది. స్లైడు ఎంత లేస్తే పంపు ఎంత తిరగాలో కంపెనీ లెక్క కట్టింది. 20 మిల్లీమీటర్ల స్లైడు లేచే ఎత్తు వేరు, 28 స్లైడు ఎత్తు వేరు. తీగ కొలత సరిపోక పంపు గుర్తులు కలవవు. ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది. ఈ గొడవ పడలేక చాలామంది పంపు తీసేసి పెట్రోలులోనే ఆయిలు కలిపి పోస్తారు. అది తప్పేమీ కాదు, రేసు బండ్లు అలాగే నడుస్తాయి. కానీ అప్పుడు ఇంకో సంబంధం మొదలవుతుంది. ఆయిలు పెట్రోలుతోనే వస్తుంది కాబట్టి, దొంగగాలి వల్ల మిశ్రమం పలచనైతే ఆయిలూ పలచనవుతుంది. సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ కొంటే పంపు పనిచేస్తోందా, తీసేశారా అన్నది మొదటి ప్రశ్న కావాలి. పంపు తీసేసిన బండిలో ఉత్త పెట్రోలు పోయించి బయల్దేరితే ఇంజను ఎంతో దూరం రాదు.

జాయింట్లు సరిచేశాక కూడా గాలి లాగుతుంటే క్రాంకు సీళ్లను అనుమానించాలి. మాగ్నెటో వైపు సీలు పోతే లక్షణాలన్నీ జాయింటు పగిలినట్టే ఉంటాయి. క్లచ్ వైపు సీలు పోతే గేరాయిలు లోపలికి లాగి తెల్లటి పొగ విడుస్తుంది. దీన్ని తేల్చే పద్ధతి చౌకైనదే గాని మన షెడ్లలో ఎక్కువగా కనపడదు. సైలెన్సరు దారి, కార్బురేటరు దారి రబ్బరు మూతలతో బిగించి, ఒక మూతకు చిన్న గొట్టం పెట్టి లోపల 5 నుంచి 6 పీఎస్ఐ పీడనం ఎక్కించి, మీటరు ముల్లు పడిపోతుందా చూడటం. టైరు పంపు వాడితే సీళ్లే ఊడతాయి. బీపీ చూసే యంత్రం బుడ్డి, మీటరు దీనికి సరిగ్గా సరిపోతాయి. దాని మీద 300 అంటే సుమారు 5.8 పీఎస్ఐ. ముల్లు గబగబా దిగితే సబ్బునీళ్లు పూసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తే చాలు. ప్రతి టూస్ట్రోక్ మెకానిక్ దగ్గరా ఇది ఉండాలని నా కోరిక.

గాలి దారిలో సందులన్నీ మూసుకున్నాకే జెట్ల వంతు. అదీ కింది నుంచి పైకి. ఎక్సలేటరు పావు వంతు దాకా స్లో జెట్టు, స్క్రూ పెత్తనం. తర్వాత స్లైడు కోత, ఆపైన ముప్పావు దాకా నీడిల్, చివరి పావులో మెయిన్ జెట్టు. స్లోలో ఉన్న జబ్బుకు మెయిన్ జెట్టు మార్చడం ఎందుకు వృథానో ఇక్కడే తెలుస్తుంది. స్క్రూ విషయంలోనూ వేరే బండి కార్బురేటరు పొరపాటు చేయిస్తుంది. ఫిల్టరు వైపు స్క్రూ ఉంటే అది గాలిది, విప్పేకొద్దీ మిశ్రమం పలచబడుతుంది. ఇంజను వైపు ఉంటే పెట్రోలుది, విప్పేకొద్దీ చిక్కబడుతుంది. ఒకే చేతివాటంతో రెండింటినీ తిప్పితే ఫలితం తలకిందులే. కార్బురేటరు బిగించే వాలు కూడా చూడాలి. నిటారుగా నిలవాల్సిన దాన్ని ఇంకో బండిలో వంచి బిగిస్తే తొట్టిలో పెట్రోలు మట్టం జెట్ల దగ్గర మారిపోతుంది.

ఏ కాలంలో సెట్టింగు చేశారన్నది కూడా ముఖ్యం. విజయవాడ మే ఎండలో 43 డిగ్రీల గాలి, జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల గాలి కంటే 8 శాతం తేలిక. కార్బురేటరు గాలితో పాటు పెట్రోలునూ కొంత తగ్గిస్తుంది కాబట్టి మిశ్రమం చిక్కబడేది దాదాపు 4 శాతమే. ఇంకో వైపు, పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో అదే దొరుకుతోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది, దానికి కావలసిన గాలి తక్కువ. పాత పెట్రోలుకు 14.7 పాళ్లు అయితే ఈ20కి సుమారు 13.5. జెట్టు మాత్రం ఎప్పటంతే పోస్తుంది. అంటే పాత కార్బురేటరు బండికి మిశ్రమం ఎనిమిది శాతం దాకా పలచబడినట్టే. మే నెలలో ఎండ కొంత సర్దిన ఈ లోటు సంక్రాంతి చలిలో పూర్తిగా బయటపడుతుంది. ఎండాకాలంలో బాగా నడిచిన బండి జనవరిలో సీజ్ అయితే ‘ఏమీ ముట్టుకోలేదే’ అని ఆశ్చర్యపోతారు. ముట్టుకోనందుకే అయింది. ఇథనాల్ పాత రబ్బర్లను ఉబ్బించి పగిలేలా చేస్తుంది కనుక దొంగగాలికీ అది దారి తీస్తుంది. అదే బండిని సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు తీసుకెళ్తే, గాలి పీడనం పదో వంతు తగ్గి మిశ్రమం మళ్లీ చిక్కబడుతుంది. సెట్టింగు అంటే ఒక ఊరికి, ఒక కాలానికి, ఒక పెట్రోలుకు చేసుకున్నదే.

ఫోర్‌స్ట్రోక్ బండ్లలో భాగాలు వేరు గాని సూత్రం ఇదే. ఇంపల్స్‌లో ఉండేది వాక్యూం కార్బురేటరు. ఎక్సలేటరు ఎంత తిప్పినా ఇంజను లాగే గాలిని బట్టే స్లైడు లేస్తుంది. దాన్ని తీసి తీగతో నేరుగా లేచే స్లైడు కార్బురేటరు వేస్తే ఆ కాపలా పోతుంది. ఆ కాలపు ఫోర్‌స్ట్రోక్ బండ్లలో పొగ తగ్గించడానికి పెట్టిన గాలి వాల్వుకు చాలావాటిలో మేనిఫోల్డు నుంచి సన్నని వాక్యూం గొట్టం పోతుంది. మార్పుల్లో ఆ వాల్వు తీసేసి, గొట్టం ఎక్కే మూతిని తెరిచి వదిలేసిన బండ్లు ఉంటాయి. బయటికి అంతా బాగానే కనపడుతుంది, స్లో మాత్రం ఎంత తిప్పినా కుదరదు. పది పైసల రబ్బరు మూతతో పోయే జబ్బుకు కార్బురేటరే మార్చేస్తారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలతో ఎక్స్‌పల్స్ పూర్తిగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది. అందులో సైలెన్సరులోని ఆక్సిజన్ సెన్సారు చూసి కంప్యూటరు పెట్రోలును సర్దుతుంది కాబట్టి చిన్న గాలి లీకును కొంతకాలం కప్పేస్తుంది. నిలకడగా పోతున్నప్పుడు సర్దగలదు గాని ఒక్కసారి రేస్ ఇచ్చినప్పుడు ఆ సెన్సారు మాట వినే వ్యవధి దానికి ఉండదు, అప్పుడు లీకు బయటపడుతుంది.

మరమ్మతు పూర్తయిందో లేదో చెప్పేది ప్లగ్గు. కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ దారిలో మూడో గేరులో పూర్తి రేస్‌తో కొంతదూరం పోయి, రేస్ తగ్గించకుండానే క్లచ్ పట్టి కిల్ స్విచ్ నొక్కాలి. స్లోలో ఇంటిదాకా వచ్చి విప్పితే అది మెయిన్ జెట్టు రంగు చూపదు, స్లో జెట్టు రంగు చూపుతుంది. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరే. తెల్లగా, మెరుస్తున్న చిన్న బొబ్బలతో ఉంటే ఇంకా పలచన, ఆ బండిని అలాగే తోలకూడదు. నల్లగా తడిగా ఉంటే మెయిన్ జెట్టు ఒక మెట్టు తగ్గించి మళ్లీ చూడాలి. మొదట్లో కాస్త చిక్కగానే ఉంచి కిందికి దిగడం మంచిది. చిక్కదనం ప్లగ్గును మసి చేస్తుంది, పలచదనం పిస్టనును కరిగిస్తుంది.